కొత్త ల్యాప్‌టాప్‌కి పెడితే పాత ఐపాడ్‌లో పాటలు పోతాయా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా నాయన దగ్గర పాత ఐపాడ్ క్లాసిక్ ఒకటుంది. అలిపిరి మెట్లెక్కేటప్పుడు అన్నమయ్య కీర్తనలు అందులోనే వింటాడు. ఫోన్‌లో విను అంటే మధ్యలో కాల్స్ వస్తాయని ఒప్పుకోడు. అదీ నిజమేలెండి.

ఆ పాటలు ఎక్కించిన కంప్యూటర్ ఇప్పుడు లేదు. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లో ఐట్యూన్స్ (ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ఆపిల్ సాఫ్ట్‌వేర్) వేసి ఐపాడ్ కలిపితే, ఇది వేరే లైబ్రరీకి (అంటే వేరే కంప్యూటర్‌లోని పాటల జాబితాకి) చెందినది, ఉన్నవన్నీ తీసేసి సింక్ చేయాలా, అంటే ఈ ల్యాప్‌టాప్‌లోని పాటలే ఎక్కించాలా అని అడిగింది. క్యాన్సిల్ కొట్టాను. చాలావరకు పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, పోతే మళ్ళీ దొరకవు. అదే టెన్షన్.

హిడెన్ ఫైల్స్ కనపడేలా పెట్టి చూస్తే ఐపాడ్ కంట్రోల్ అనే ఫోల్డర్‌లో పాటలున్నాయి. కానీ పేర్లన్నీ అర్థంలేని నాలుగక్షరాలు. వీటిని ముందు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, తర్వాత ఐట్యూన్స్ లైబ్రరీలో చేరిస్తే ట్యాగ్‌లను (పాట ఫైల్‌లోనే దాచి ఉండే పేరు, గాయకుడి లాంటి వివరాలు) బట్టి అసలు పేర్లు వస్తాయని విన్నాను. క్యాసెట్ పాటల్లో కొన్నింటికి ట్యాగ్‌లో ట్రాక్ నంబర్ తప్ప ఏమీ లేదు. వాటిని ఒక్కొక్కటీ విని పేరు రాసుకోవాల్సిందేనా? తెలుగులో రాస్తే ఐపాడ్ తెర మీద అక్షరాలు సరిగ్గా కనిపిస్తాయా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడమే మేలా?

ఇంకొకటి. ఇకపై పాటలు చేత్తో ఎక్కించుకునేలా 'మాన్యువల్లీ మేనేజ్ మ్యూజిక్' టిక్ పెట్టాలనుకుంటున్నా. ఆ టిక్ పెట్టేటప్పుడే పాతవి చెరిపేస్తుందా? చేసి చూసినవాళ్ళు ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పండి.