సమస్య: "కాలు లేనివాడు కదము దొక్కె"

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం. ఈసారి పురాణాలు వద్దు, 1741 నాటి కార్తహేన ముట్టడి మీదే పూరించాలి. ఇప్పటి కొలంబియాలోని ఆ రేవు మీదికి బ్రిటిష్ అడ్మిరల్ వెర్నన్ రవాణా ఓడలతో కలిపి 180 దాకా ఓడలతో వస్తే, స్పెయిన్ నౌకాదళాధిపతి బ్లాస్ దె లేసో దగ్గరున్న యుద్ధనౌకలు ఆరంటే ఆరు. ఆయన ఎడమకాలు 1704లోనే, పదిహేనేళ్ల వయసులో పోయింది, తర్వాత ఒక కన్నూ పోయింది, కుడిచెయ్యీ పనికిరాకుండా పోయింది. సైన్యం మాత్రం వైస్రాయ్ సెబాస్తియాన్ దె ఎస్లావా చేతిలో ఉంది.

గోదారిగట్టు:
ఆంగ్ల నావలెల్ల నలలవోలె ముసర
కార్తహేన కోట కదలకుండ
ఒంటికంటి లేసొ యొక్కడై నిలబడి
కాలు లేనివాడు కదము దొక్కె

పాలపిట్ట: గణాలూ యతులూ సరిపోయాయండీ, రెండో పాదం నోట్లో ఆడుతోంది. కానీ "ఒక్కడై" అన్నమాట నేను ఒప్పుకోలేను. రేవు ముఖద్వారంలోని బోకాచీకా కోటను రెండు వారాలకు పైగా పట్టుకుని ఉన్నది కార్లోస్ డెనో, పైన వైస్రాయ్ ఉన్నాడు. లేసోకీ ఎస్లావాకీ పడేది కాదు, నిజమే, అయినా లేసో ఓడ గలీసియా మీద ఇద్దరూ ఆలోచన చేస్తుంటే ఫిరంగిగుండు వచ్చి బల్లకు తగిలి చెక్కపేళ్లు ఇద్దరికీ దిగబడ్డాయి. ఆ మనిషిని పద్యంలోంచి తీసేస్తే ఎలా?

చుక్కలదారి: యతి అంటే నాకు టెన్షన్, తప్పుంటే చెప్పండి.
నిచ్చెనలవి గోడ నెత్తినందకపోయె
దొరల దండు చచ్చె జ్వరము సోకి
కడలి జోదు లేసొ కాల్బలంబుల గూడి
కాలు లేనివాడు కదము దొక్కె

నిర్వాహకుడు: తమ్ముడూ, రెండో పాదంలో "దొ"కి "జ్వ" కుదరదు. "జ్వరము సోకి దండు జారిపోయె" అను, సరిపోతుంది. ఊరిని కాసే సాన్ ఫెలిపె కోట గోడకు నిచ్చెనలు చాలకపోవడం, పచ్చజ్వరం రెండూ జరిగినవే. మూడో పాదం మాత్రం నాకు భలే నచ్చింది! కాలు లేనివాడికి కాల్బలం తోడిచ్చావు. శత్రువు రేవులోకి రాకుండా తన ఓడల్ని తనే ముంచేశాక లేసో నావికులు ఒడ్డెక్కి కోటల్లో పోరాడారు, అదంతా ఆ ఒక్క మాటలో పట్టింది.

పాలపిట్ట: నాదీ ఒకటి. లేసో మోకాళ్ల మీద కూర్చుని వెర్నన్‌కు లొంగినట్టు ఇంగ్లండ్‌లో ముందే పతకాలు కొట్టించేశారు, దాని మీద.
మోకరిల్లెనంచు ముందుగా మురిసిరి
పతకములను గొట్టి పరవశించి
తెల్లబోయి వారు తిరుగుముఖము పట్ట
కాలు లేనివాడు కదము దొక్కె

నిర్వాహకుడు: "తెల్లబోయి" ఇక్కడ రెండు రకాలుగానూ పలికింది. అయితే గెలిచినవాడు కూడా ఎక్కువ రోజులు బతకలేదు, ఆ సెప్టెంబరులోనే కార్తహేనలోనే పోయాడు, పైగా ఎస్లావా ఆయన మీద స్పెయిన్‌కు ఫిర్యాదులు రాశాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

గోదారిగట్టు: పాలపిట్ట గారూ, మీరన్నది నిజమే. మొదట ఎస్లావా పేరు పెడదామనే చూశాను కానీ మూడూ గురువులే, ఏ గణంలోనూ ఇమడలేదు. "ఎస్లావ" అని కుదిస్తే దారి దొరికింది, మూడో పాదం ఇలా మార్చాను:
ఒంటికంటి లేసొ యొద్ద నెస్లావుండ

పాలపిట్ట: ఇప్పుడు నాకు ఏ అభ్యంతరమూ లేదండీ.