డాబా మీద రెండు యాంటెన్నాలు ఉన్నాయి: ఇక ఎనలైజర్ కూడా సొంతంగా కొనాలా?

బెజవాడ శ్రోత (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను గత ఏడాదే హ్యామ్ రేడియో (అభిరుచి కోసం సొంతంగా ప్రసారం చేసే రేడియో) రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు తెచ్చుకున్నాను. విజయవాడ శివార్లలో ఉన్న మా రెండంతస్తుల ఇంటి డాబా మీద ఒక గొట్టం నిలబెట్టి, 40 మీటర్ల బ్యాండు కోసం ఇన్వర్టెడ్ వీ (మధ్యలో ఎత్తుగా, రెండు చివరలూ కిందికి దిగే తీగ) యాంటెన్నా కట్టాను. తీగ కొత్తది కొనలేదు. ఇంటి వైరింగు చేయించినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ తొడుగు రాగి తీగనే వాడాను. సగం తరంగం పొడవు తీగకు వాడే సూత్రం ప్రకారం 143ను 7.1 మెగాహెర్ట్జ్‌తో భాగించి, వచ్చిన 20.14 మీటర్లను సగం చేసి, ఒక్కో వైపు 10.07 మీటర్ల చొప్పున కోశాను. రేడియో పక్కన పెట్టిన ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తిలో ఎంత వెనక్కి వస్తోందో తెలిపే అంకె, 1 అయితే ఏమీ రావడం లేదని) మీటరు 7.1 మెగాహెర్ట్జ్ వద్ద 3 దాటి చూపిస్తోంది. 7.0 వైపు జరిగితే కాస్త తగ్గుతోంది, 7.2 వైపు వెళితే ఇంకా పెరుగుతోంది.

రెండోది 2 మీటర్ల బ్యాండుకు పెట్టిన నిలువు యాంటెన్నా. అక్కడి నుంచి రేడియో గదికి 30 మీటర్ల ఆర్‌జీ-58 అనే సన్నని కోయాక్సియల్ కేబుల్ దించాను. దీని ఎస్‌డబ్ల్యూఆర్ 1.7 దాటడం లేదు కనుక బాగానే ఉందని సంతోషించాను కానీ, ఊళ్లో ఉన్న మిత్రులకు కూడా నా మాట అందడం లేదు.

చేతిలో పట్టుకునే యాంటెన్నా ఎనలైజర్ (యాంటెన్నా ఏ పౌనఃపున్యానికి కుదిరిందో కొలిచే పరికరం) ఉంటే ఇవన్నీ తేలిపోతాయని ఒకరు, అది అనవసరపు ఖర్చని మరొకరు అంటున్నారు. రేడియో కొన్నావు, తీగ కట్టావు, ఇప్పుడు ఆ తీగను కొలవడానికి ఇంకొక యంత్రమా అని మా నాన్నగారు అడిగారు; నా దగ్గర సమాధానం లేదు. అది నిజంగా అవసరమా, అవసరమైతే ఏది కొనాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మోర్స్ తాతయ్య (మొదటి సమాధానం):

మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. ముందు మీ చేతిలో ఉన్న మీటరు ఇప్పటికే చెప్పిన సంగతులు చూద్దాం. 7.0 వైపు వెళ్లినప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గుతోందంటే, మీ తీగ కుదిరే పౌనఃపున్యం బ్యాండుకు కింద ఎక్కడో ఉందని, అంటే తీగ పొడవు ఎక్కువైందని అర్థం. మీ లెక్కలో తప్పు లేదు. ఆ సూత్రం తొడుగు లేని తీగకు సరిపోతుంది. ప్లాస్టిక్ తొడుగు ఉంటే తరంగం తీగ వెంట కొంచెం నెమ్మదిగా నడుస్తుంది కనుక అదే పొడవుకు పౌనఃపున్యం రెండు మూడు శాతం, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ, దిగిపోతుంది. ఇంతవరకు తెలుసుకోవడానికి ఏ ఎనలైజరూ అక్కర్లేదు.

అయితే ఎంత పొడవు ఎక్కువైందో మాత్రం మీ మీటరు చెప్పలేదు. అది పనిచేయాలంటే రేడియో ప్రసారం చేయాలి; మనకు అనుమతి ఉన్నది 7.0 నుంచి 7.2 వరకే. తీగ 6.8 దగ్గర కుదిరి ఉంటే, అక్కడ మీట నొక్కి చూసే హక్కు మనకు లేదు. ఎనలైజర్ అతి స్వల్పమైన సంకేతంతో అటూ ఇటూ వెతికి, ఎస్‌డబ్ల్యూఆర్ గీత అన్నిటికన్న కిందికి దిగే లోయ ఎక్కడుందో చూపిస్తుంది. మీ నాన్నగారికి చెప్పదగిన సమాధానం నాకు తెలిసినంతలో ఇదే.

మీ రెండో యాంటెన్నా సంగతే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. 145 మెగాహెర్ట్జ్ వద్ద 30 మీటర్ల ఆర్‌జీ-58 దాదాపు 6 డెసిబెల్స్, అంటే పంపిన శక్తిలో నాలుగింట మూడు వంతులు, మింగేస్తుంది. మీరు 25 వాట్లు పంపితే పైకి చేరేది 6 వాట్లకు కాస్త ఎక్కువ. పైన యాంటెన్నా అసలే లేదనుకోండి. ఆ 6 వాట్లూ వెనుదిరిగి, దారిలో మళ్లీ అదే నష్టానికి గురై, కిందికి సుమారు 1.5 వాట్లుగా వస్తాయి. పంపినదానిలో 16వ వంతు తిరిగి వచ్చినప్పుడు మీటరు చూపే ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో లెక్క వేయండి: 1.67. అంటే, మీరు చూసి సంతోషించిన అంకె, కేబుల్ చివర ఏమీ తగిలించకపోయినా వచ్చే అంకె. మీ యాంటెన్నా ఊడిపోయి ఉండవచ్చని నా అనుమానం.

ఎనలైజర్ కొన్నా ఈ చిక్కు తప్పదు. అది చూసేది యాంటెన్నాను కాదు, తన కనెక్టరుకు అవతల ఉన్న సమస్తాన్నీ: కేబుల్, అతుకులు, చేరిన నీరు, ఆ తర్వాత యాంటెన్నా. ఈ సంగతి మరిచినవాణ్ణి కొద్దిపాటి ధర పరికరం ఎలా మోసం చేస్తుందో, యాభై వేల రూపాయల పరికరమూ అలాగే మోసం చేస్తుంది.

డాబా డైపోల్ (రెండో సమాధానం):

తాతయ్య గారు సిద్ధాంతం చెప్పారు కనుక నేను కొనుగోలు సంగతి చెబుతాను. మూడు దారులు ఉన్నాయి. ఎంఎఫ్‌జే-259బీ వంటి పాత పరికరం ఎవరైనా అమ్మితే తీసుకోవడం ఒకటి. అది 1.8 నుంచి 170 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది, మీట తిప్పుతూ ముల్లు పడిపోయే చోటు వెతుక్కోవాలి. చేతికి దిట్టంగా ఉంటుంది కానీ పది పెన్సిల్ సెల్స్ కావాలి, రియాక్టెన్స్ (శక్తిని ఖర్చు చేయక వెనక్కి ఇచ్చే అడ్డు) ప్లస్సో మైనస్సో అది నేరుగా చెప్పదు. పైగా ఆ సంస్థ 2024 మే నెలలో తన కర్మాగారంలో ఉత్పత్తి ఆపేసింది. రెండోది యుక్రెయిన్‌కు చెందిన రిగ్‌ఎక్స్‌పర్ట్ పరికరాలు. తెర ఎండలోనూ కనబడుతుంది, కనెక్టరు గట్టిది, డాబా ఎక్కిన మనిషికి అంతకన్న సుఖం లేదు, ధర మాత్రం కొత్తవారిని వెనక్కి నెడుతుంది. మూడోది నానోవీఎన్‌ఏ. జపాన్‌కు చెందిన ఒక అభిరుచిపరుడు రూపొందించిన డిజైను అది. 2019 నుంచి చౌకగా దొరుకుతూ ప్రపంచమంతటా హ్యామ్‌ల చేతుల్లోకి వచ్చేసింది. నకళ్లు చాలా ఉన్నాయి, లోపల లోహపు కవచం ఉందో లేదో చూసి కొనాలి.

మీరు నానోవీఎన్‌ఏనే కొనండి. కానీ కొన్న రోజునే చాలామంది చేసే ఒక పొరపాటు ఉంది, నేనూ చేశాను. డబ్బా తెరిచి, 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పూర్తి పరిధిలోనే యాంటెన్నా తగిలించి చూస్తే తెర మీద చెత్త గీత తప్ప ఏమీ కనబడదు. ఆ పరికరం మొత్తం పరిధిని 101 బిందువులుగా కొలుస్తుంది. 900ను 100 భాగాలు చేస్తే ఒక్కో అడుగు 9 మెగాహెర్ట్జ్ పడుతుంది. 40 మీటర్ల బ్యాండు మొత్తం వెడల్పు 0.2 మెగాహెర్ట్జ్ మాత్రమే. మీ లోయ రెండు అడుగుల మధ్య పడి కనబడకుండా పోతుంది. అందుచేత ముందు పరిధిని 6 నుంచి 8 మెగాహెర్ట్జ్‌కు కుదించండి, ఆ తర్వాతే కాలిబ్రేషన్ (విలువ తెలిసిన ముక్కలు తగిలించి పరికరాన్ని సరిచేయడం) చేయండి. పరిధి మార్చిన ప్రతిసారీ ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌ల లోడ్ మూడూ వరుసగా తగిలించి కాలిబ్రేషన్ మళ్లీ చేసి, ఒక స్థానంలో భద్రపరుచుకోవడం మంచిది. దాని చిన్న ఎస్‌ఎంఏ కనెక్టరుకు పెద్ద పీఎల్-259 కనెక్టరున్న బరువైన కేబుల్‌ను అడాప్టరుతో నేరుగా వేలాడదీస్తే కొన్నాళ్లకు కనెక్టరే ఊడుతుంది. జానెడు మెత్తని కేబుల్ ముక్క మధ్యలో పెట్టి, ఆ ముక్క చివర కాలిబ్రేషన్ చేయండి. తెర మాత్రం మన ఎండకు పనికిరాదు. నేను గొడుగు పట్టుకుని డాబా ఎక్కుతాను, ఎదురింటివారు వానకోసం చూస్తున్నాననుకుంటారు.

మీరు విజయవాడ వారు కనుక ఇంకొక మాట. ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటరుకు మీ ఇల్లు దగ్గరైతే, పొడవైన తీగ ఆ సంకేతాన్ని కూడా పట్టి ఎనలైజరుకు అందిస్తుంది. డయోడ్లతో కొలిచే పాత తరహా పరికరాలు వచ్చిన శక్తి తమదో పరాయిదో గుర్తించలేవు; అవి చూపే ఎస్‌డబ్ల్యూఆర్ ఎప్పటికీ 1కి దిగదు. నానోవీఎన్‌ఏ తాను పంపిన పౌనఃపున్యాన్ని మాత్రమే వింటుంది కాబట్టి అక్కడ కాస్త నయం.

విశాఖ కెరటం (మూడో సమాధానం):

నా అభిప్రాయం వేరు. యాంటెన్నా కట్టేది ఏడాదికి ఒకటో రెండో సార్లు. మిగతా రోజులు ఆ పరికరం బీరువాలో నిద్రపోతుంది. మా ఊళ్లో మేము ఏడుగురం కలిసి ఒక మంచి ఎనలైజర్ కొని వంతులవారీగా వాడుకుంటున్నాము. అవసరమైనవారు వచ్చి పట్టుకెళతారు, వాడాక బ్యాటరీ నింపి ఇస్తారు. అలా దొరికే అవకాశం ఉంటే ముందు అడిగి చూడండి.

మోర్స్ తాతయ్య:

విశాఖ మిత్రులు చెప్పిన పద్ధతి మంచిదే, పైగా సముద్రపు గాలికి అతుకులు తుప్పు పట్టే ఊరు కనుక వారికి ఏడాదికి రెండుసార్లకన్న ఎక్కువే పని పడుతుందని నా ఊహ. అరువు తెచ్చుకున్న ఎనలైజరుతో యాంటెన్నాను కట్టిన రోజున కొలవగలం. అది బాగున్న రోజుల్లో ఎలా ఉండేదో తెలిస్తేనే, చెడిన రోజున ఏం మారిందో పట్టుకోగలం. అందుకు నెలనెలా కొలవాలి; అది అరువు పరికరంతో సాగదు. అందుకే సొంతంగా ఉండాలంటాను.

కొంటే మూడు జాగ్రత్తలు పాటించండి. పొడిగాలి వీచినా, మబ్బు పట్టినా తీగ మీద స్థిర విద్యుత్తు చేరుతుంది. కేబుల్‌ను ఎనలైజరుకు తగిలించే ముందు మధ్య పిన్నును బయటి లోహానికి ఒక్క క్షణం తాకించి ఆ విద్యుత్తును పోగొట్టాలి. ఒక సాయంత్రం తొందరలో నేను ఆ పని మరిచిపోయి డిటెక్టర్ డయోడును చేజేతులా కాల్చుకున్నాను; ఆ చిన్న ముక్కను మార్చడానికి నెల పట్టింది. ఎనలైజర్ ఉన్న కేబుల్‌కు రేడియో కూడా తగిలించే స్విచ్చు ఏదీ మధ్యలో ఉంచకండి, మరచి మీట నొక్కితే ఇక ఆ పరికరం మిగలదు. పెన్సిల్ సెల్స్‌తో నడిచేదైతే పని అయ్యాక వాటిని తీసేయండి.

కొలిచేటప్పుడు కేబుల్‌ను చేత్తో పట్టుకుని చూడండి. పట్టుకోగానే అంకె మారితే, కేబుల్ బయటి పొర కూడా యాంటెన్నాలో భాగమై ప్రసారం చేస్తోందని తెలుసుకోవాలి. దానికి మందు తీగ కోయడం కాదు, యాంటెన్నా మధ్యలో ఒక చోక్ (బయటి పొర మీది కరెంటును ఆపే చుట్ట). ఎఫ్‌టీ240-43 ఫెర్రైట్ రింగు మీద అదే కేబుల్‌ను పన్నెండు చుట్లు చుడితే 40 మీటర్లకు సరిపోతుంది.

డాబా ఎక్కే ఓపిక లేని నాలాంటివారికి ఒక చిట్కా. 7.1 వద్ద ఆర్‌జీ-58లో సగం తరంగం పొడవు 13.9 మీటర్లు. అంత పొడవున్న ముక్క కింది చివర కనబడే ఇంపెడెన్స్ (ఓమ్‌లలో కొలిచే మొత్తం అడ్డు), పై చివర ఉన్నదానికి దాదాపు సమానం. వేరే పొడవైతే ఎస్‌డబ్ల్యూఆర్ పెద్దగా మారదు కానీ ఓమ్‌ల అంకెలు మాత్రం తలకిందులు కావచ్చు.

బెజవాడ శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. చివరికి నానోవీఎన్‌ఏ కొన్నాను. మూడు వారాలు గడిచాక జరిగినది రాస్తున్నాను.

ముందుగా 2 మీటర్ల కేబుల్‌ను చూశాను. 120 నుంచి 170 వరకు ఎక్కడా లోయ లేదు, గీత 1.6కు, 1.8కి మధ్య అలలాగా ఊగుతూ పోయింది. తాతయ్య గారి అనుమానం నిజమయ్యేలా ఉందని డాబా ఎక్కి యాంటెన్నాను విప్పి, కేబుల్ పై చివరను ఖాళీగా వదిలి, కిందికి వచ్చి 1 నుంచి 3 మెగాహెర్ట్జ్ వరకు కొలిచాను. చివర ఖాళీగా ఉన్న కేబుల్, పావు తరంగం పొడవయ్యే చోట షార్టులాగా కనబడుతుందని చదివాను. 30 మీటర్ల ఆర్‌జీ-58కు అది 1.65 వద్ద రావాలి. నాకు 1.66 వద్ద వచ్చింది. కేబుల్ మధ్యలో తెగి ఉంటే ఆ అంకె పైకి పోయి ఉండేది, ఉదాహరణకు 22.5 మీటర్ల దగ్గర తెగితే 2.2. కనుక కేబుల్‌కు ఏ జబ్బూ లేదు, తప్పు పైనే ఉంది. యాంటెన్నా అడుగున ఉన్న కనెక్టరు తెరిస్తే ఆకుపచ్చ చిలుము రాలింది, మధ్య పిన్ను అతుకు విడిపోయి ఉంది. దాన్ని కట్టినవాణ్ణి నేనే, టేపు చుట్టనివాణ్ణీ నేనే. ఇప్పుడు 145.2 వద్ద చక్కని లోయ ఉంది, మాట కూడా అందుతోంది. కేబుల్‌ను మాత్రం మందమైనదిగా మార్చాలి.

ఇన్వర్టెడ్ వీ 6.82 వద్ద కుదిరి ఉంది. 10.07ను 6.82తో హెచ్చవేసి 7.1తో భాగిస్తే 9.67 వచ్చింది. కోయకుండా ఒక్కో వైపు 40 సెంటీమీటర్లు వెనక్కి మడిచి తీగకే చుట్టాను, 7.06కు వచ్చింది, ఇంకో 5 సెంటీమీటర్లు మడిస్తే 7.10. ఎస్‌డబ్ల్యూఆర్ 1.1. కేబుల్ పట్టుకుంటే మొదట్లో అంకె కదిలేది, చోక్ చుట్టాక నిలబడింది.

ఒక్కటే సందేహం మిగిలింది. మొన్న రాత్రి గట్టి వాన పడింది. ఉదయం కొలిస్తే లోయ 7.05కు దిగి ఉంది. మళ్లీ ఎక్కడైనా నీరు చేరిందా, లేక మడత విప్పి మళ్లీ సరిచేయాలా?

మోర్స్ తాతయ్య:

ఏమీ ముట్టుకోకండి. తడిసిన ప్లాస్టిక్ తొడుగు, తడిసిన డాబా రెండూ పౌనఃపున్యాన్ని కిందికి లాగుతాయి. రెండు రోజులు ఎండ కాయనిచ్చి అదే చోట, అదే కేబుల్ ముక్కతో కొలవండి. 7.10కి తిరిగి వస్తే తేదీ వేసి ఆ రెండు అంకెలనూ పుస్తకంలో రాసి పెట్టుకోండి. రాకపోతే మధ్యలో ఉన్న కనెక్టరును మొదట తెరిచి చూడండి.