వేసవి శిబిరంలో క్లాసులు ఎవరు ఎంచుకోవాలి: పిల్లలా, మనమా?

పటమట అమ్మ:
మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. తొమ్మిది అయిపోయింది, జూన్‌లో టెన్త్. విజయవాడలో మా ఇంటి దగ్గర్లో మే 2 నుంచి మూడు వారాల వేసవి శిబిరం పెడుతున్నారు. పొద్దున ఏడున్నర నుంచి పదకొండున్నర దాకా రెండు పీరియడ్లు, కాబట్టి రెండే క్లాసులు. జాబితాలో కోడింగ్, రోబోటిక్స్, ఫౌండేషన్ లెక్కలు, చెస్, నాటకం, వంటింటి కెమిస్ట్రీ, శాసనాలు చదవడం, ఆకాశం పరిచయం ఉన్నాయి. అమ్మాయి ఎవర్నీ అడక్కుండా శాసనాలకీ ఆకాశానికీ టిక్కు పెట్టేసింది. వాళ్ళ నాన్న చూసి అవి కొట్టేసి కోడింగ్, లెక్కలు అని రాశారు. అది మళ్ళీ కొట్టేసింది. ఇప్పుడు ఆ ఫారమే ఒక శాసనంలా తయారైంది. శుక్రవారం లోపు ఇవ్వాలి. ఇద్దరూ నా వైపు తిరిగి "నువ్వు చెప్పు" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

బందరు రోడ్డు నాన్న:
మీ వారే కరెక్టండీ. టెన్త్ ముందు వేసవి మళ్ళీ రాదు. శాసనాలు ఇంకో పదేళ్ళకైనా అక్కడే ఉంటాయి, రాతి మీద చెక్కినవి ఎక్కడికీ పోవు. లెక్కల పునాది మాత్రం ఇప్పుడు పడకపోతే ఇంటర్ ఎంపీసీలో ఏడుపే. ఇష్టం, ఇష్టం అంటారు గానీ ఈ వయసులో అది నెలకొకటి మారుతుంది. పోయిన నెల మావాడికి డ్రమ్స్, ఈ నెల పావురాలు.

బ్రాడీపేట ఆరో లైను:
క్లాసు పేరు చూసి మోసపోకండి, నేను పోయాను. పోయిన వేసవిలో మావాడు చెస్ అంటే వినకుండా గుంటూరులోనే ఒకచోట రోబోటిక్స్‌లో వేశాను. పద్దెనిమిది మందికి మూడు కిట్లు. సారు వీడియో పెట్టి, అందులో ఏ వైరు ఎక్కడ పెడితే అక్కడ పెట్టించారు. ఆఖరి రోజు మమ్మల్ని పిలిచి, నేల మీద నల్ల గీత వెంట నడిచే బండి చూపించారు. బాగానే నడిచింది. ఇంటికొచ్చాక "గీతని ఎలా గుర్తుపడుతుందిరా" అంటే "ముందు ఏదో సెన్సార్ ఉంటుంది నాన్నా" అన్నాడు. తెల్ల నేల వెలుతుర్ని ఎక్కువగా తిప్పి పంపుతుంది, నల్ల గీత తక్కువ, ఆ తేడా చూసి చక్రం తిరుగుతుంది. అంతే కిటుకు. నేనే చదువుకుని చెప్పాను. ఏడు వేలకి ఆ రెండు ముక్కలు రాలేదు గానీ సర్టిఫికెట్ మాత్రం లామినేషన్ చేసి ఇచ్చారు.

పటమట అమ్మ:
లామినేషన్ ఇక్కడా ఉందండీ. ఫారంలో ప్రత్యేకంగా రాశారు.

తెనాలి ప్యాసింజర్:
నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. రెండు వేసవులు ఇలాంటి శిబిరంలోనే వంటింటి కెమిస్ట్రీ చెప్పాను కాబట్టి చెప్పేవాళ్ళ వైపు సంగతి కాస్త తెలుసు.

మొదటి ఏడాది నా క్లాసు తేలిపోయింది. పుస్తకంలో ఉన్న ఆమ్లాలూ క్షారాలే నిమ్మకాయ, వంటసోడా పెట్టి చెప్పాను. ఇది కూడా బడేనని పిల్లలు పసిగట్టేశారు. మూడో రోజుకి సగం మంది చూపు కిటికీ బయటే.

రెండో ఏడాది బజ్జీ మిరపకాయలు పట్టుకెళ్ళాను. (తేజ రకం తీసుకెళ్తే తల్లిదండ్రులు నన్ను బతకనివ్వరు.) "కారం ఎక్కడుంటుంది?" అని అడిగితే అందరూ గింజల్లో అన్నారు. కాయ చీల్చి తొక్క, గింజ, గింజలు అంటుకుని ఉండే తెల్ల పొర, మూడూ విడివిడిగా నాలుక మీద పెట్టుకోమన్నాను. మండింది తెల్ల పొర. కారం తయారయ్యేది అక్కడే, గింజకి దాన్ని అంటుకుని ఉండబట్టి వస్తుంది. తర్వాత సగం మందికి నీళ్ళు, సగం మందికి మజ్జిగ ఇచ్చాను. నీళ్ళు తాగినవాళ్ళు ఇంకా ఉస్సూ ఉస్సూ అంటుంటే మజ్జిగవాళ్ళు నవ్వుతున్నారు. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలో, మజ్జిగలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ కూడా దాన్ని పట్టి లాగేస్తుంది.

అప్పుడు వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. వాళ్ళ నాన్న గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) మోస్తారట. "సార్, యార్డు గేటు దగ్గరే తుమ్ములొస్తాయి కదా. కారం ఆవిరై వస్తుందా, దుమ్ములో కలిసి వస్తుందా?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. మర్నాడంతా దాని మీదే గడిచింది. దుమ్ముతోనే, అది మామూలు ఎండకి ఆవిరయ్యే సరుకు కాదు. నేను వేసుకున్న ప్లాను మొత్తం పక్కకి పోయింది. నా ఉద్యోగంలో అంత మంచి రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టి అమ్మా, సబ్జెక్టు తర్వాత చూడండి. ముందు ఫోన్ చేసి ఎవరు చెబుతారు, ఎంతమంది పిల్లలు, మొదటి రోజు పిల్లల చేతికి ఏమిస్తారు అని అడగండి. "మా ఫ్యాకల్టీ చూసుకుంటారు మేడమ్" అంటే ఆ క్లాసు వదిలేయండి.

శాసనాలని మరీ తేలిగ్గా తీసేయకండి. మా తెనాలికి దగ్గర్లోనే భట్టిప్రోలు ఉంది. 1892లో పురావస్తు శాఖ అలెగ్జాండర్ రే అక్కడి బౌద్ధ స్తూపం తవ్విస్తే రాతి కరండాల (భరిణెల) మీద రాతలు బయటపడ్డాయి. మన పాత బ్రాహ్మీ లిపే గానీ అచ్చం అది కాదు. మామూలు బ్రాహ్మీలో 'క' గుర్తు రాస్తే అందులో 'అ' ఉన్నట్టే లెక్క. భట్టిప్రోలువాళ్ళు ఆ 'అ'కి వేరే చిన్న గీత పెట్టారు, గీత లేకపోతే ఒట్టి హల్లు. ఎందుకలా చేసి ఉంటారో పిల్లల్నే కనిపెట్టమనండి. గుర్తుకో నియమం, నియమానికో మినహాయింపు. కోడింగ్ సారు చెప్పేదీ అదేగా.

బందరు రోడ్డు నాన్న:
మాస్టారూ, మీ మిరపకాయ బాగుంది. మీలా చెప్పేవాళ్ళు ఊరికి ఎంతమంది? మీరు లేని చోట శాసనాల క్లాసంటే నాలుగు ఫొటోలు చూపించి పంపించేస్తారు. లెక్కల క్లాసులో సారు ఎంత నాసిగా ఉన్నా కనీసం వంద లెక్కలు చేయిస్తాడు.

ఇంకో సంగతి. ఇక్కడ అందరూ పిల్లల ఇష్టానికి వదిలేయడం గొప్ప అన్నట్టు మాట్లాడుతున్నారు. మా నాన్న నన్ను ఏ రోజూ ఇది చదువు, అది చదువు అనలేదు. "నీ ఇష్టంరా" అనేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు. నాకు బొమ్మలు పిచ్చి, వేసవంతా అవే. లెక్కల్లో వెనకబడ్డాను, బొమ్మల్లో ముందుకి తోసినవాళ్ళూ లేరు. ఆటోనగర్‌లో లారీల మీద పేర్లూ నెమళ్ళూ వేస్తూ పదకొండేళ్ళు గడిపాను. ఇప్పుడు సొంత షాపుంది, బాగానే ఉన్నాను, ఏడవట్లేదు. కానీ "నీ ఇష్టం" అనే మాట వెనక "నాకు తెలీదు, నువ్వే పడు" అన్నది కూడా ఉంటుంది. అది విన్నవాడికే తెలుస్తుంది. కోనేరు హంపి గారు 2002లో పదిహేనేళ్ళకే చెస్ గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ఊరికే ఇష్టానికి వదిలేస్తే అయ్యారా? వాళ్ళ నాన్నగారు పక్కన కూర్చుని నేర్పించారు.

తెనాలి ప్యాసింజర్:
దీనికి నా దగ్గర చటుక్కున జవాబు లేదు. ఒక్క మాట మాత్రం అంటాను, మీరేమీ అనుకోకపోతే. మీ నాన్నగారు ఎంచుకోనివ్వడం వల్ల కాదు, ఎంచుకున్నాక మీ పక్కన నేర్పే మనిషి లేకపోవడం వల్ల నష్టం జరిగింది. హంపి గారికి ఆ మనిషి ఇంట్లోనే ఉన్నారు.

బందరు రోడ్డు నాన్న:
కావచ్చు. అయినా ఫారంలో నేనైతే లెక్కలే రాస్తాను.

ఎడిసన్ అత్తయ్య:
మాది గుంటూరే, పాతికేళ్ళుగా న్యూజెర్సీ. మా అన్నయ్య మనవరాలు ఇక్కడ ఇలాంటి శిబిరానికే వెళ్ళింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1979లో ఇందుకోసమే ఒక కేంద్రం పెట్టారు. అక్కడ పిల్ల ఒక్క సబ్జెక్టే తీసుకుంటుంది, మూడు వారాలూ రోజంతా అదే. 1957లో మొదలైన రాస్ గణిత శిబిరమూ అంతే, ఆరు వారాలు ఒక్క సంఖ్యా సిద్ధాంతమే. మొదట నాకూ వింతగా అనిపించింది, కాస్త అదీ ఇదీ రుచి చూపించాలిగా అని. కానీ పది రకాలు వడ్డించిన పెళ్ళి భోజనంలో ఏది తిన్నామో ఇంటికొచ్చాక గుర్తుండదు. రెండు పీరియడ్లూ ఒకే క్లాసుకి ఇస్తారేమో అడగండి. అయితే ఇక్కడి ఫీజులు చెబితే మీరు గుండె పట్టుకుంటారు. వాటితో పోలిక పెట్టుకోకండి.

పది బి సెక్షన్:
నాకు పదిహేను. అంకుల్స్, ఆంటీలు, ఏమీ అనుకోవద్దు. మేము సగం క్లాసులు ఫ్రెండ్స్ ఎక్కడుంటే అక్కడ రాస్తాం, అది నిజం. నేను నాటకం తీసుకుంది నా ఫ్రెండ్ కోసమే. అది రెండో రోజే మానేసింది, నాకేమో తెగ నచ్చింది. మీరు ఫారం రాసేటప్పుడు ఇంట్లో ఇంత చర్చ చేస్తారు. రెండో రోజు తర్వాత "నచ్చిందా, మార్చుకుంటావా" అని మాత్రం ఎవరూ అడగరు. డబ్బులు కట్టేశాం కదా, నోరు మూసుకుని వెళ్ళు అంటారు. ఆంటీ, మూడో రోజు దాకా క్లాసు మార్చుకోనిస్తారేమో కనుక్కోండి.

బ్రాడీపేట ఆరో లైను:
ఈ పిల్ల చెప్పినంత పనికొచ్చే మాట ఇక్కడ ఎవరం చెప్పలేదు, నాతో సహా.

సింగ్‌నగర్ మూడో అంతస్తు:
జాబితాలో లేనిది చెబుతున్నానని తిట్టకండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలో పడవలు తిరిగాయి. ఆ వారమే ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మా ఇంటి గోడ మీద నీటి మరక ఇప్పటికీ కనపడుతుంది. పిల్లలకి ఒక టేపు, ఒక మ్యాపు ఇచ్చి, వీధి వీధికీ ఆ మరక ఎంత ఎత్తులో ఉందో కొలిపించి గీయిస్తే చాలు. నీళ్ళు ఎటు నుంచి ఎటు వెళ్ళాయో వాళ్ళకే తెలుస్తుంది. బుడమేరు కొల్లేరుకి పోవాలి, వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర కొంత నీటిని కృష్ణ వైపు మళ్ళిస్తారు, రెండు వైపులా ఒకేసారి వరదొస్తే ఏమవుతుంది? లెక్కలు కావాలన్నవాళ్ళకి లెక్కలు, భూగోళం కావాలన్నవాళ్ళకి భూగోళం. కోడింగ్ ఎంత నేర్పినా మన ఊరి కాలువ ఎటు పోతుందో తెలియకపోతే ఎట్లా? నాకిది కడుపుమంట, అర్థం చేసుకోండి.

ఇంకోటి, ఆకాశం అంటే ఇష్టమున్న పిల్లలు ఇంట్లో ఎవరైనా ఇంకా చిన్నవాళ్ళుంటే: ఇస్రో 2019లో 'యువికా' అని తొమ్మిదో తరగతి పిల్లలకి రెండు వారాల వేసవి శిబిరం మొదలుపెట్టింది. ఫీజు లేదు. శ్రీహరికోటలో కూడా జరుగుతుంది. దరఖాస్తులు మాత్రం ఎండలు ముదరక ముందే అయిపోతాయి. పటమట అమ్మ గారి అమ్మాయికి ఆ తరగతి దాటిపోయింది, లేకపోతే ముందు అదే చెప్పేవాణ్ణి.

పటమట అమ్మ:
అందరికీ థాంక్సండీ. ఫోన్ చేశాను. శాసనాలు చెప్పేది రిటైరైన తెలుగు లెక్చరర్ గారట. ఆయనే లైన్లోకి వచ్చారు. తొమ్మిది మంది పిల్లలు, మొదటి రోజు చాళుక్య రాజు యుద్ధమల్లుడి బెజవాడ శాసనం నకలు చేతికిచ్చి, తెలిసిన అక్షరాలకి సున్నా చుట్టమంటారట. అది నన్నయ కన్నా వందేళ్ళ ముందుది, పదో శతాబ్దం, మధ్యాక్కర అనే ఛందస్సులో పద్యాలుగా ఉంది అని ఫోన్లోనే పది నిమిషాలు చెప్పారు. నేను కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను.

ఆకాశం క్లాసు గురించి అడిగితే "సారు ఇంకా కన్ఫర్మ్ కాలేదు మేడమ్, ప్రొజెక్టర్ మీద వీడియోలు ఉంటాయి" అన్నారు. అమ్మాయికి ఆ మాట అలాగే చెప్పాను. కాసేపు మొహం ముడుచుకుని, తనే కొట్టేసింది. రెండు పీరియడ్లూ శాసనాలకి ఇవ్వరట. మూడో రోజు దాకా క్లాసు మార్చుకోవచ్చట, అది ఫారంలో ఎక్కడా రాయలేదు.

రెండో పీరియడ్‌కి వాళ్ళ నాన్న మాటే నెగ్గింది, లెక్కలు. బందరు రోడ్డు నాన్న గారూ, మీరు రాసింది ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపయ్యాక అమ్మాయి గదిలోకి వెళ్ళి "లెక్కలు రోజూ నా దగ్గర కూర్చుని చెయ్యి, నేను చూస్తా" అన్నారు. ఆయన కూర్చుంటారా అన్నది మే 2 తర్వాత తెలుస్తుంది. ఆకాశం పోయిందని మాత్రం దానికి ఇంకా దిగులే.

తెనాలి ప్యాసింజర్:
ఆకాశం ఎక్కడికీ పోలేదని చెప్పండి. మన విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 6 ప్రాంతంలో, ఒకరోజు అటూ ఇటూగా, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. క్లాసు పదకొండున్నరకి అయిపోతుందన్నారుగా, ఇంటికొచ్చే టైముకి సరిపోతుంది. డాబా మీద చదునైన చోట, పైనా కిందా ఒకే వెడల్పున్న స్టీలు గ్లాసు బోర్లించి, పన్నెండు కొట్టినప్పటి నుంచి చూస్తూ ఉండమనండి. పన్నెండు దాటిన నాలుగైదు నిమిషాలకి నీడ గ్లాసు కిందకి వెళ్ళిపోతుంది. సరిగ్గా పన్నెండుకే ఎందుకు కాలేదో వాళ్ళ నాన్నగారిని అడగమనండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం 80.6 దగ్గరున్నాం, ఆ తేడాకి నిమిషాలు కట్టాలి. కట్టాక కూడా మూడు నాలుగు నిమిషాలు తేడా వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడే చెప్పను.

బందరు రోడ్డు నాన్న:
మాస్టారూ, ఈ గ్లాసు పని మావాడితో కూడా చేయిస్తా. పావురాలు ఎలాగూ డాబా మీదే ఉన్నాయి. అమ్మా, ఆ టైముకి గచ్చు పెనంలా కాలుతుంది, పిల్లని చెప్పులు వేసుకుని వెళ్ళమనండి.