‘అమెరికా కోర్టుపై స్టే’ అనవచ్చా? యాంటీ-సూట్ ఇంజంక్షన్‌కు తెలుగు మాట

పత్రికా అనువాదకురాలు:
భర్త డాలస్‌లో విడాకుల కేసు వేశాడనుకోండి. భార్య హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టుకు వెళ్ళి, అతను అక్కడ కేసు నడపకుండా ఉత్తర్వు, అంటే యాంటీ-సూట్ ఇంజంక్షన్, తెచ్చుకుంది. ఇలాంటి వార్తకు ‘అమెరికా కోర్టుపై స్టే’ అన్న శీర్షిక సరైనదేనా? ‘ప్రతిదావా నిషేధాజ్ఞ’ అనవచ్చా?

సివిల్ లాయరు:
రెండూ కుదరవండీ. స్టే అంటే కోర్టు తన ముందున్న విచారణనో, కింది కోర్టు విచారణనో ఆపడం. డాలస్ జడ్జికి హైదరాబాద్ జడ్జి ఏమీ చెప్పలేరు. ఇక్కడి ఉత్తర్వు ఆ భర్తకు మాత్రమే: ‘నువ్వు ఆ కేసు నడపకు’ అని. ప్రతిదావా అంటే మన కోర్టుల్లో వేరే అర్థం ఉంది. వాది వేసిన దావాలోనే ప్రతివాది ఎదురు కోరిక కోరడం అది.

నిఘంటువు పని చేస్తున్నవారు:
నిషేధాజ్ఞ అనగానే పేపరు చదివేవాళ్ళకు 144 సెక్షను, నలుగురు గుమిగూడరాదన్న పోలీసు ప్రకటన గుర్తొస్తాయి. ఇంజంక్షన్ అన్న మాట ఊళ్ళో పొలం గట్టు తగాదాల దాకా వెళ్ళింది, దాన్ని మార్చే పని లేదు. నా ఓటు ‘విదేశీ దావా నడపరాదన్న ఇంజంక్షన్’కు. పొడవే, కానీ ‘నడపరాదు’ అనగానే అది మనిషికి చెప్పిన మాట అని తెలిసిపోతుంది.

సివిల్ లాయరు:
ఆ తేడా శీర్షికతో ఆగదు, అర్జీలో కోరే ఉపశమనం రాసేటప్పుడూ పట్టుకుంటుంది. ‘డాలస్ కోర్టు విచారణ నిలిపివేయాలి’ అని రాస్తే ఆ కోరిక నిలవదు. ‘ప్రతివాది గానీ, ఆయన తరఫు ఏజెంట్లు గానీ ఫలానా కోర్టులో ఫలానా నంబరు కేసు కొనసాగించరాదు, ఇదే వివాదంపై మరో కేసు వేయరాదు, డిక్రీ వస్తే అమలు చేయించుకోరాదు’ అని రాయాలి. చివరి రెండు ముక్కలూ వదిలేస్తే, అవతలివాడు ఆ కేసు వెనక్కి తీసుకుని పక్క కౌంటీలో ఇంకోటి వేస్తాడు.

ఇక ఈ ఇంజంక్షన్ ఇచ్చేముందు కోర్టు ఏం చూస్తుందంటే, 2003లో మోదీ ఎంటర్‌టైన్‌మెంట్ నెట్‌వర్క్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినవే. ప్రతివాది ఈ కోర్టు పరిధిలోకి వస్తాడా, ఉత్తర్వు ఇవ్వకపోతే అన్యాయం జరుగుతుందా, విదేశీ కోర్టుకు ఇవ్వాల్సిన గౌరవం సంగతేమిటి. అది క్రికెట్ ప్రసార ఒప్పందం తగాదా. ఇంగ్లండ్ కోర్టుల పరిధికి ఒప్పుకుంటూ ముందే సంతకం పెట్టారు కాబట్టి అక్కడి కేసు ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందంలో, తగాదా వస్తే ఏ కోర్టుకు వెళ్ళాలో చెప్పే పరిధి క్లాజు చదవకుండా అర్జీ రాయడం ఇందులో పెద్ద తప్పు. 1987లో మాత్రం ఓఎన్‌జీసీ కేసులో, అవతలి కంపెనీ అమెరికా కోర్టులో ముందుకు వెళ్ళకుండా ఆపింది.

ఎదురుపక్షం తప్పకుండా తెచ్చేది స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41(బి): తన కింద లేని కోర్టులో కేసు నడపకుండా ఇంజంక్షన్ ఇవ్వరాదని. ఈ రెండు తీర్పులూ చేతిలో పెట్టుకునే వాదనకు వెళ్ళాలి.

పత్రికా అనువాదకురాలు:
ఆ భర్త మాట వినకపోతే?

సివిల్ లాయరు:
సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 2ఎ ఉంది: ఆస్తి జప్తు, 3 నెలల దాకా సివిల్ జైలు. కానీ అతనికి ఇక్కడ ఇల్లూ పొలం లేక, ఇక్కడికి వచ్చే పనీ లేకపోతే ఉత్తర్వు కాగితంగానే మిగులుతుంది. డాలస్ జడ్జి దాన్ని పట్టించుకోవాలన్న నియమం లేదు.

అందుకే ఇక్కడ ఉత్తర్వు ఉంది కదా అని అక్కడి గడువు వదిలేయకూడదు. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో సమన్లు అందాక 20 రోజులు గడిచి, ఆ తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటలలోపు జవాబు దాఖలు చేయాలి. మామూలు జవాబు వేస్తే పరిధికి లొంగినట్టే. టెక్సాస్ సివిల్ ప్రొసీజర్ రూల్ 120ఎ కింద ‘స్పెషల్ అప్పియరెన్స్’ను, అంటే ఈ కోర్టుకు నాపై పరిధి లేదన్న అభ్యంతరాన్ని, ప్రమాణపూర్వకంగా, మిగతా అన్నిటికంటే ముందు వేయాలి. అయినా అక్కడ 6 నెలలు నివాసమున్న భర్తకు విడాకుల వరకు ఆ కోర్టు ఇచ్చేయగలదు. అప్పుడు 1991 సుప్రీంకోర్టు తీర్పు అక్కరకొస్తుంది. తిరుపతిలో పెళ్ళి, మిస్సోరీలో విడాకుల డిక్రీ. అభ్యంతరం చెబుతూ భార్య జవాబు పంపినంత మాత్రాన ఆ కోర్టుకు లొంగినట్టు కాదని, హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో ఇచ్చిన ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని తేల్చారు. విదేశీ డిక్రీ చెల్లుబాటు ప్రశ్న, ఇంజంక్షన్ ప్రశ్న వేరువేరు. వార్తలో రెండూ కలపకండి.

నిఘంటువు పని చేస్తున్నవారు:
మరి యాంటీ-యాంటీ-సూట్ ఇంజంక్షన్‌ను, అంటే అవతలి కోర్టు ఇచ్చిన ఇలాంటి ఇంజంక్షన్‌ను వాడుకోకుండా ఆపే ఇంజంక్షన్‌ను, ఏమనాలి? 2020 సెప్టెంబరులో, ఫోన్ల కంపెనీ షావోమీ కోరగా చైనాలోని వూహాన్ కోర్టు, షావోమీపై వేసిన ఢిల్లీ పేటెంటు కేసు నడపవద్దని అమెరికా కంపెనీ ఇంటర్‌డిజిటల్‌ను ఆదేశించింది. కాదంటే రోజుకు 10 లక్షల యువాన్ల జరిమానా. 2021 మే 3న ఢిల్లీ హైకోర్టు, ఆ ఉత్తర్వు అమలు చేయించుకోవద్దని షావోమీని ఆపింది. ‘ప్రతి’ మీద ‘ప్రతి’ పెడితే చదివేవాడు తప్పిపోతాడు.

సివిల్ లాయరు:
ఒక్క పేరు కోసం పట్టుబట్టకండి. ‘వూహాన్ ఉత్తర్వు అమలు చేయించుకోరాదని షావోమీకి ఢిల్లీ హైకోర్టు ఇంజంక్షన్’ అని రాయండి. ఏ కోర్టు, ఎవరిని, దేని నుంచి ఆపిందో మూడూ అందులో ఉన్నాయి.

పత్రికా అనువాదకురాలు:
అయితే మొదటి శీర్షిక ‘డాలస్ విడాకుల కేసు నడపొద్దు: భర్తకు హైదరాబాద్ కోర్టు ఇంజంక్షన్’. డెస్క్‌కు ఇదే పంపుతాను.