షనాయా ట్వెయిన్ ‘అప్!’: ఎరుపా, పచ్చా, నీలమా?

ప్రశ్న: కెనడా గాయని షనాయా ట్వెయిన్ 2002 నాటి ఆల్బమ్ ‘అప్!’ ఒకే పాటలతో మూడు రంగుల సీడీల్లో ఉందేమిటండీ? ఏది ముందు వినాలి? 2017లో వచ్చిన ‘నౌ’ ఆల్బమ్‌లో ఆమె గొంతు అంత మారిందెందుకు?

జవాబు 1: పాటలు అవే 19, వెనక వాయిద్యాలే వేరు. ఆకుపచ్చది కంట్రీ, అంటే అమెరికా పల్లె బాణీ: ఫిడేలు, బాంజో, స్టీల్ గిటార్. ఎరుపు పాప్. నీలంలో మన భారతీయ వాయిద్యాలు వినిపిస్తాయి. ముందు పచ్చది వినండి, అదే పాట వెంటనే ఎరుపులో పెట్టండి; ఫిడేలు ఉన్న చోటికి ఏం వచ్చిందో చెవికే తెలుస్తుంది. పాత సీడీ కొంటుంటే మాత్రం జాగ్రత్త: ఉత్తర అమెరికాలో ఎరుపు, పచ్చ జంటగా అమ్మారు, బయటి దేశాల్లో ఎరుపు, నీలం.

జవాబు 2: ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1997 నాటి ‘కమ్ ఆన్ ఓవర్’ అంతర్జాతీయ ముద్రణలోనే ఫిడేలు, స్టీల్ గిటార్ తగ్గించారు. నిర్మాత మట్ లాంగ్ రాక్ నుంచి వచ్చినవాడు మరి.

జవాబు 3: గొంతు సంగతి: 2003లో పిడుదు అనే పేను లాంటి పురుగు కుట్టి ఆమెకు లైమ్ వ్యాధి సోకింది. స్వరతంత్రుల నరాలు దెబ్బతిన్నాయి. మాట వచ్చినా గొంతెత్తి పాడటం కష్టమైంది. 2018లో మెడ దగ్గర కోసి, స్వరతంత్రులకు ఊతం అమర్చారు. ‘నౌ’ దానికి ముందుది. 2023 నాటి ‘క్వీన్ ఆఫ్ మీ’తో పోల్చి వినండి.