మా ఆవిడ మగ్గం పని డబ్బుతో ప్లాటు కొనమంటారా, బ్యాంకులోనే ఉంచమంటారా?

గుంటూరు మిర్చి
అందరికీ నమస్కారం. నాది గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం. జీతం ఇంటి ఖర్చుకీ పిల్లల ఫీజులకీ సరిపోతుంది. మా ఆవిడ ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్లో ఊపిరాడదు, ఆషాఢంలో పనే ఉండదు, సరాసరిన నెలకి 18 వేలు పడుతుంది. ఆ డబ్బు ముట్టుకోకుండా దాచాం. ఇప్పుడు 11 లక్షలు ఎఫ్‌డీల్లో ఉన్నాయి. సత్తెనపల్లి రోడ్డులో ఒక వెంచర్లో 200 గజాలు చూశాం, గజం 9 వేలు చెబుతున్నారు. అంటే 18 లక్షలు. తక్కువ పడే 7 లక్షలు పర్సనల్ లోన్ పెడదామని ఆలోచన. బ్యాంకు వాళ్ళు 12 శాతం వడ్డీ, ఐదేళ్ళు అన్నారు. ఈఎంఐ మగ్గం డబ్బులోంచి వెళ్ళిపోతుంది. నెలాఖరులోపు టోకెన్ అడ్వాన్స్ ఇవ్వమని వెంచర్ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. కొనమంటారా?

కృష్ణాతీరం
కొనెయ్ తమ్ముడూ, ఆలోచించకు. అమరావతి పనులు 2025 మేలో మళ్ళీ మొదలయ్యాయి. ఆ చుట్టుపక్కల నేల ఇక దిగదు. నేను 2004లో నూజివీడు వైపు గజం 400కి కొన్నాను. అందరూ పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. 2022లో గజం 4 వేలకి అమ్మి పెద్దమ్మాయి పెళ్ళి చేశాను. ఒక్కరి దగ్గరా చెయ్యి చాపలేదు. పది రెట్లు! ఏ బ్యాంకు ఇస్తుంది?

తెనాలి అమ్మాయి
రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?

లెక్కల మాస్టారు
మిర్చి గారూ, ముందు అప్పు సంగతి చూడండి. 7 లక్షలు, 12 శాతం, ఐదేళ్ళంటే నెలకి సుమారు 15,570. మొత్తం కట్టేది 9 లక్షల 34 వేలు. అంటే వడ్డీయే 2 లక్షల 34 వేలు. రిజిస్ట్రేషన్‌కి మార్కెట్ విలువ మీద ఏడున్నర శాతం. డాక్యుమెంటు ఖర్చులు వేరు. 18 లక్షల ప్లాటు మీకు 21 లక్షలు దాటి పడుతుంది. దాని మీద ఒక్క రూపాయి అద్దె రాదు. పైగా మీ ఆవిడ గారి సంపాదనలో నెలకి మిగిలేది రెండున్నర వేలు.

కృష్ణాతీరం గారి పది రెట్లు కూడా చూద్దాం. 18 ఏళ్ళలో పది రెట్లంటే ఏడాదికి 13.6 శాతం. మంచిదే, కాదనను. అదే షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2004 జనవరిలో 6 వేల దగ్గర ఉంది, 2022 చివర్లో 60 వేల దగ్గర ఉంది. అదీ పది రెట్లే. దానికి ఫెన్సింగ్ అక్కర్లేదు, కబ్జా భయం లేదు, కావలసినంతే అమ్ముకోవచ్చు. 200 గజాల్లో ఆసుపత్రి ఖర్చుకని పది గజాలు అమ్మలేరు కదా.

కృష్ణాతీరం
మాస్టారూ, సెన్సెక్స్ 2008 జనవరిలో 21 వేలు దాటి, అదే ఏడు అక్టోబరులో 9 వేల కిందకి వచ్చింది. అప్పుడు అమ్మకుండా కూర్చున్నవాళ్ళు మన వీధిలో ఎంతమంది? నేను రోజూ పొద్దున్నే లేచి నా ప్లాటు రేటు చూసుకోలేదు కాబట్టే పద్దెనిమిదేళ్ళు ఆగగలిగాను. మీ కాగితం లెక్కలో మనిషి భయం లేదు.

లెక్కల మాస్టారు
భయం ప్లాటులో కూడా ఉంటుంది, కాకపోతే రేటు కనపడదు. రేటు కనపడనంత మాత్రాన పడలేదని కాదు.

తుళ్ళూరు రోడ్డు
మాస్టారు చెప్పిన చివరి మాట నా బతుకు. 2017లో రాజధాని దగ్గరని అప్పు చేసి కొన్నాను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు పైగా అడిగిన నాథుడు లేడు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున ఠంచనుగా పోయింది. ఇప్పుడు రేటు వచ్చిందంటున్నారు, సంతోషమే. మధ్యలో మా నాన్నకి స్టెంటు వేయించడానికి బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది, ప్లాటు చేతిలో ఉండి కూడా.

కృష్ణాతీరం
అదే కదా, ఇప్పుడు వచ్చింది కదా! అమ్మలేదు కాబట్టి నిలిచింది. అమ్మగలిగుంటే 2020లో సగానికి అమ్మేసేవారు.

స్టాంపు పేపర్
నేను డాక్యుమెంట్ రైటర్ని. మీరు శాతాల మీద కొట్టుకుంటున్నారు, అసలు ఆ వెంచర్ కాగితాలు ఎవరూ అడగలేదు. 500 చదరపు మీటర్లు, ఎనిమిది ప్లాట్లు దాటిన వెంచర్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు అడగండి. లేఅవుట్ అప్రూవల్ నంబరు అడగండి. ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అంటే వచ్చాకే రమ్మన్నారని అర్థం చేసుకుని లేచి వచ్చేయండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల్లో ఉందేమో చూడండి. ఈసీ, అంటే ఆ నేల మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్, ముప్పై ఏళ్ళకి తీయించండి. లింకు డాక్యుమెంట్లలో (పాత దస్తావేజుల్లో) వారసులందరూ సంతకం పెట్టారా అన్నది ముఖ్యం. ఆడపిల్లల సంతకం లేకుండా అన్నదమ్ములు మాత్రమే అమ్మిన పొలాల్లో వేసిన వెంచర్లు నేను చాలా చూశాను. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నాటికి పెళ్ళికాని ఆడపిల్లకి అప్పటి నుంచే ఉమ్మడి ఆస్తిలో హక్కుంది. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చి కేసు వేస్తారు. అభివృద్ధి పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు లేఅవుట్ అధికారుల దగ్గర తాకట్టులో ఉంటాయి. మీరు చూసింది అందులో ఒకటి కాదని ఖాయం చేసుకోండి.

గుంటూరు మిర్చి
ధన్యవాదాలు అన్నా. రెరా నంబరు అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు.

స్టాంపు పేపర్
అయితే టోకెన్ ఇవ్వకండి. ఒక్క రూపాయి కూడా.

కృష్ణాతీరం
ఈ వెంచర్ కాకపోతే ఇంకోటి. ప్రశ్న అది కాదు. నేలా, కాగితమా అన్నదే ప్రశ్న. మాస్టారూ, 13.6 అన్నారే, మా అమ్మాయి పెళ్ళికి డబ్బు కావలసిన రోజున అది దొరికిందా లేదా? దానికి శాతం ఎంత?

లెక్కల మాస్టారు
దొరికింది. లాభం మీద పన్ను ఎంత కట్టారో చెప్పలేదు. ఇప్పుడు కొన్నవాళ్ళు రెండేళ్ళు దాటాక అమ్మితే లాభంలో పన్నెండున్నర శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి చూపడం) లేకుండా. ఆ పద్దెనిమిదేళ్ళలో మీరు చుట్టూ వేయించిన రాళ్ళు, చెట్లు కొట్టించిన కూలి, ప్లాటు చూసి రావడానికి అయిన పెట్రోలు కూడా కలపండి.

కృష్ణాతీరం
పెట్రోలు ఖర్చు కలపమంటారా! నా ప్లాటు నేను చూసుకోవడం ఖర్చా?

*(ఇక్కడి నుంచి పెట్రోలు ఖర్చు మీద పదిహేను పోస్టులు నడిచాయి. విషయానికి సంబంధం లేనివి వేరే చర్చకి మార్చాం. – నిర్వాహకులు)*

దుబాయ్ తెలుగు
శాతాలు పక్కన పెట్టండి. పదేళ్ళకు పైగా ఇక్కడ ఎండలో పనిచేసి నెలనెలా ఇంటికి పంపాను. మా అన్నయ్య ఊళ్ళో స్థలం కొన్నాడు, ఇల్లు కట్టాడు. అన్నీ ఆయన పేరే. ‘నువ్వు అక్కడున్నావు, సంతకానికి రాలేవు కదా’ అన్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లో నాకొక గది కూడా లేదు. రేటు పెరిగింది, అవును, చాలా పెరిగింది. ఎవరికి?

తెనాలి అమ్మాయి
మిర్చి గారూ, నేను మొదటి రోజే అడిగాను. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?

గుంటూరు మిర్చి
లోన్ నా జీతం మీద ఇస్తున్నారు కాబట్టి నా పేరు మీదే అనుకున్నాం. మా నాన్నగారు కూడా అలాగే మంచిదన్నారు. ఇంట్లో ఎవరి పేరైతే ఏముందండీ, అంతా ఒకటేగా.

తెనాలి అమ్మాయి
ఒకటే కాదు. మా అమ్మ మగ్గం మీదే మమ్మల్ని చదివించింది, నాకూ ఆ పని వచ్చు. ఫ్రేముకి గుడ్డ బిగించి, వంగి కూర్చుని, ఆరీ సూదితో ఒక్కొక్క పూసా ఎక్కించాలి. చేతుల నిండా వర్క్ ఉన్న జాకెట్టుకి నాలుగైదు రోజులు పడుతుంది. మెడ పట్టేస్తుంది, చూపుడు వేలి కొన గట్టిపడి స్పర్శ పోతుంది, నలభై దాటకుండానే దగ్గరి చూపు తగ్గుతుంది. ఇప్పుడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు వచ్చి సగం రేటుకే చేస్తున్నాయి. ఐదేళ్ళు ఆగకుండా నెలకి 15,570 ఆ వేళ్ళ మీద నుంచి రావాలని మీరు బ్యాంకుకి మాటిస్తున్నారు. ఆషాఢంలో ఎవరు కడతారు? ఆమె అడిగారా ఈ ప్లాటు? 11 లక్షలూ ఆమెవి, కట్టబోయే 7 లక్షలూ ఆమెవి, పట్టా మాత్రం మీది. నేలా కాగితమా అని మూడు రోజులుగా కొట్టుకుంటున్న పెద్దలిద్దరూ కూడా ఈ మాట అడగలేదు.

కృష్ణాతీరం
చెల్లెమ్మా, సంసారాన్ని కోర్టులో పెట్టకు. నేనెందుకు నేల అంటున్నానో చెప్తాను విను. మా ఆవిడ చీటీ పాడి తెచ్చిన డబ్బు బీరువాలో ఉందని మా బావమరిదికి తెలిసింది. వ్యాపారం అన్నాడు. సొంత తమ్ముడు, కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె కాదనలేకపోయింది, ఇచ్చింది. తిరిగి రాలేదు. రెండో చీటీ డబ్బు రాగానే రాత్రికి రాత్రి అడ్వాన్స్ ఇచ్చి ప్లాటు కొన్నాను. నూజివీడు ప్లాటు అదే. డబ్బుంటే చుట్టాలు అడుగుతారు, నేలని అడగలేరు. ఆడవాళ్ళ డబ్బుని కాపాడింది నేలే.

తెనాలి అమ్మాయి
ఆ ప్లాటు ఎవరి పేరు మీద కొన్నారు అన్నయ్యా?

కృష్ణాతీరం
నా పేరు మీద. అయితే? ఆ డబ్బుతో ఆమె కూతురి పెళ్ళే చేశాను.

లెక్కల మాస్టారు
నేను పొదుపు అని ఎందుకు పట్టుబడుతున్నానో కూడా చెప్పాలి. మా నాన్న మా అమ్మ గాజులు అమ్మి ఎకరం కొన్నాడు. ఊరంతా మెచ్చుకున్నారు. అమ్మకి ఆపరేషన్ అవసరమైన రోజున ఆ ఎకరం మీద బాబాయిలతో సరిహద్దు తగాదా నడుస్తోంది, కొనేవాడు రాలేదు. చికిత్స ఆలస్యమైంది. ఆమె తన డబ్బు తన కోసం తీసుకోలేకపోయింది. కృష్ణాతీరం గారూ, మీరంటున్న ‘ఎవరూ అడగలేరు’ అన్నదాంట్లో ఆమె కూడా ఉంది. ఆమె కూడా అడగలేకపోయింది.

కృష్ణాతీరం
మీ అమ్మగారి విషయం బాధగా ఉంది మాస్టారూ. కానీ చేతికి అందే డబ్బు ఆడమనిషి దగ్గర నిలవనివ్వరు. నేను చూసింది అదే. అందుకే అందకుండా పెట్టాలంటాను.

తెనాలి అమ్మాయి
అందకుండా అంటే చుట్టాలకి అందకుండానా, ఆమెకి అందకుండానా? రెండూ ఒకటి కాదు. బావమరిదికి ‘లేదు’ అని మీరు చెప్పలేకపోయారా?

స్టాంపు పేపర్
చట్టం మాట చెప్తాను, తర్వాత మీ ఇష్టం. లోన్ ఎవరి పేరుతో ఉంటే పట్టా వాళ్ళ పేరే ఉండాలనేం లేదు, పర్సనల్ లోన్‌కి అసలే సంబంధం లేదు. ఇద్దరి పేర్లూ పెట్టొచ్చు, ఆమె ఒక్కదాని పేరూ పెట్టొచ్చు. జాయింటుగా కొంటే ఎవరి వాటా ఎంతో దస్తావేజులో రాయించండి. రాయకపోతే ఎవరెంత పెట్టారన్నదాన్ని బట్టి వాటా, దానికి రుజువు లేకపోతే సమానం అంటుంది ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్. కాబట్టి సొమ్ము ఆమె ఖాతాలోంచి నేరుగా అమ్మేవాళ్ళ ఖాతాకి వెళ్ళాలి. మీ ఖాతాకి మార్చి కడితే ఆ రుజువు పోయినట్టే. ఆమె సొంత సంపాదనతో కొన్నది కాబట్టి రేపు దాని మీద ఆదాయం వస్తే మీ ఆదాయంలో కలపరు. భర్త ఇచ్చిన డబ్బుతో భార్య పేరు మీద కొంటే కలుపుతారు. అది వేరే సంగతి.

తుళ్ళూరు రోడ్డు
ఎఫ్‌డీలు ఎవరి పేరు మీద ఉన్నాయి మిర్చి గారూ?

గుంటూరు మిర్చి
నా పేరు మీదే. ఆమెకి పాన్ కార్డు ఈ మధ్యే తీశాం.

మీరందరూ రాసినవి నిన్న రాత్రి ఆమెకి చదివి వినిపించాను. ప్లాటు ఇష్టమేనట, అప్పు మాత్రం వద్దంది. ‘నెల మధ్యలో వేళ్ళు నొప్పి పుడితే పని ఆపుకునే వీలుండాలి కదా’ అంది. ఇన్నాళ్ళూ ఆ మాట నాతో అనలేదు. టోకెన్ ఇవ్వడం లేదు. మాస్టారూ, ఆమె మిమ్మల్ని అడగమంది: పోస్టాఫీసులో పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఆమె పేరు మీద తెరిస్తే మధ్యలో తీసుకోవచ్చా?

లెక్కల మాస్టారు
పీపీఎఫ్ పదిహేనేళ్ళది. ఏడాదికి లక్షన్నర దాకా వేయొచ్చు, కనీసం 500 వేయాలి. ఆషాఢంలో ఆపినా ఏమీ కాదు. 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.1 శాతం, పన్ను లేదు. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకోవచ్చు, మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా దాని మీద అప్పు తీసుకోవచ్చు. ఇంకొకటి, కృష్ణాతీరం గారు కూడా చూడాలి: ఎవరి అప్పు కిందా కోర్టు కూడా దాన్ని జప్తు చేయలేదు. 11 లక్షలూ ఒకేసారి అందులోకి వెళ్ళవు కాబట్టి మిగతాది ఎఫ్‌డీలోనే ఉంచండి. గడువు తీరిన వెంటనే ఆమె పేరు మీదకి మార్చండి. ఒక్కో బ్యాంకులో బీమా 5 లక్షల వరకే ఉంటుంది, అందుకని రెండు మూడు బ్యాంకుల్లో పెట్టండి.

కృష్ణాతీరం
ఏడో ఏడు దాకా తాళం వేసి పెట్టడం మీకు సమ్మతమే, నేల మాత్రం కాదు! సరే, మిర్చి వాళ్ళావిడ అప్పు వద్దంది కాబట్టి 18 లక్షల ప్లాటు మాట ఎత్తను. 11 లక్షల్లోపు అప్రూవల్ ఉన్న చిన్న ప్లాటు దొరికితే ఆమె పేరునే కొనమంటాను. ఈ మాట మీద నేను నిలబడతాను.

లెక్కల మాస్టారు
ఉన్నదంతా ప్లాటుకే పెట్టి చేతిలో ఏమీ లేకుండా చేయడానికి నేను ఒప్పుకోను.

తెనాలి అమ్మాయి
అది ఆమె చెప్పాలి. మిర్చి గారూ, ఈ ఫోరంలో ఆమెకి ఒక ఖాతా తెరిచి ఇవ్వండి.