గుంటూరు నుంచి తెచ్చిన బ్లడ్‌లో టీ సెల్స్ పెరగట్లేదు, నివోలుమాబ్ కలిపినా తేడా లేదు

బ్రాడీపేట_22
అందరికీ నమస్కారమండీ. గుంటూరులో పొద్దున్నే హెపారిన్ ట్యూబుల్లో 10 మి.లీ. బ్లడ్ తీసి, థర్మకోల్ పెట్టెలో ఐస్ ప్యాకుల మధ్య పెట్టి టీ సెల్స్ (ఒక రకం రోగనిరోధక తెల్లరక్తకణాలు) పెంచడానికి విజయవాడ ల్యాబ్‌కి పంపుతున్నాం. రక్తకణాలని సాంద్రత బట్టి వేరుచేసే ఫైకాల్ ద్రవం మీద వేసేసరికి నాలుగైదు గంటలవుతోంది. తిప్పాక తెల్లగా ఉండాల్సిన మధ్య పొర, అంటే టీ సెల్స్ ఉండే పొర, ఎర్రగా, మందంగా వస్తోంది. టీ సెల్స్‌ని ఉద్దీపించే సీడీ3/సీడీ28 బీడ్లు సెల్‌కి ఒకటి చొప్పున (1:1), అవి పెరగడానికి ఐఎల్-2 ప్రోటీన్ మి.లీ.కి 100 యూనిట్లు వేస్తున్నాం. ఏడో రోజుకి రెండింతలు కూడా అవట్లేదు. టీ సెల్ మీద బ్రేకులా పనిచేసే పీడీ-1 మూడో రోజుకే బాగా పెరుగుతోంది, అంటే సెల్స్ ఎగ్జాస్ట్ అయిపోయినట్టేనా (అలసిపోయి పనిచేయనట్టేనా)? పీడీ-1ని అడ్డుకునే క్యాన్సర్ యాంటీబాడీ మందు నివోలుమాబ్ కలిపినా, టీ సెల్స్ పనిచేస్తే విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా పెరగట్లేదు. యాంటీబాడీ పాడైందంటారా?

పటమట_ఫ్లో
యాంటీబాడీని తర్వాత చూద్దాం, ముందు ఆ ఐస్ ప్యాకులు తీసేయండి. టీకాలకి చల్లదనం కావాలి గానీ టీ సెల్స్ కోసం తీసిన బ్లడ్‌కి కాదు. చల్లబడి గంటలు గడిచిన బ్లడ్‌లో న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లరక్తకణాల సాంద్రత తగ్గి, అడుక్కి దిగాల్సినవి మధ్య పొరలోనే ఆగిపోతాయి. వాటి నుంచి బయటికొచ్చే ఆర్జినేజ్ ఎంజైమ్ మీడియంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని హరించేస్తుంది. ఆర్జినిన్ తగ్గితే టీ సెల్‌లో సీడీ3 నుంచి కబురు లోపలికి చేరవేసే సీడీ3 జీటా తగ్గిపోతుంది. అప్పుడు బీడ్లు సీడీ3ని పట్టుకున్నా కబురు లోపలికి సరిగ్గా వెళ్లదు.

అనుమానం తీరాలంటే పొరలోంచి ఒక చుక్క స్లైడు మీద పూసి గీమ్సా రంగు వేయండి. గుండ్రటి కేంద్రకం సెల్ అంతా నిండి, చుట్టూ సన్నటి నీలం అంచు మాత్రమే మిగిలితే లింఫోసైట్ (టీ సెల్స్ ఈ రకమే). కేంద్రకం మూడు నాలుగు ముద్దలుగా విడిపోయి, వాటి మధ్య దారంలాంటి బంధం కనిపిస్తే న్యూట్రోఫిల్. వంద సెల్స్ లెక్కపెట్టండి. న్యూట్రోఫిల్స్ ఎక్కువుంటే వాటిని పట్టే సీడీ15 బీడ్లతో తీసేయొచ్చు, కానీ బ్లడ్ సరిగ్గా తేవడమే మేలు.

పెట్టెలో 18–25 డిగ్రీలుండాలి. ఐస్ బదులు ఏసీ గదిలో రాత్రంతా ఉంచిన నీళ్ల సీసాలు చుట్టూ పేర్చి, పక్కన థర్మామీటర్ పెట్టండి. ఫైకాల్‌ని కూడా ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాడొద్దు, 1.077 అనే సాంద్రత 20 డిగ్రీల దగ్గర లెక్క. బ్లడ్‌కి సమానంగా పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రవం) కలిపి, ట్యూబు వంచి గోడ వెంబడి ఫైకాల్ మీదికి మెల్లగా వదలండి. సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ, 30 నిమిషాలు, బ్రేక్ ఆఫ్. బ్రేక్ పడితే పొర చెదిరిపోతుంది. కడగడం మొదటిసారి 300 జీ, రెండోసారి 200 జీ, పదేసి నిమిషాలు. రెండోదాన్ని ఎగ్గొట్టకండి, ప్లేట్‌లెట్లు పోయేది అక్కడే.

మి.లీ.కి పది లక్షల సెల్స్‌తో మొదలుపెట్టి, మొదటి 48 గంటలు కదపకండి. గుత్తులు కట్టడం మంచి లక్షణం. మూడో రోజు నుంచి లెక్కపెడుతూ మి.లీ.కి ఐదు లక్షలకి పలచన చేసి, ఐఎల్-2 కొత్తగా వేయండి.

సూర్యారావుపేట_ఐఓ
పీడీ-1 సంగతి. అది పెరగడం టీ సెల్ మేలుకున్న గుర్తు, మూడో రోజున ఎక్కువగా ఉండటం సహజం. ఎగ్జాషన్ అనాలంటే పదేపదే ఉద్దీపన ఇచ్చాక పీడీ-1తో పాటు అలాంటి బ్రేకులే అయిన టిమ్-3, ల్యాగ్-3 కలిసి నిలబడాలి, టాక్స్ (TOX) అనే ప్రోటీన్ పెరగాలి, సెల్ ఐఎల్-2 తయారుచేసే శక్తి పోవాలి.

నివోలుమాబ్ పనిచేయకపోవడానికి కారణం మీ పద్ధతిలోనే ఉంది. ఆ మందు పీడీ-1కి, వేరే సెల్స్ మీద ఉండి దాన్ని నొక్కే పీడీ-ఎల్1 లాంటి ప్రోటీన్లు తగలకుండా అడ్డుపడుతుంది, అంతే. బీడ్ల మీద పీడీ-ఎల్1 ఉండదు. మోనోసైట్ల (అదే పొరలో వచ్చే మరో రకం తెల్లరక్తకణాలు) మీద కాస్త ఉన్నా, బీడ్లు అంత గట్టిగా తడుతుంటే ఆ బ్రేకు పైకి తెలియదు. లేని అడ్డంకిని మందు తీయలేదు కదా.

దీనికి మిక్స్‌డ్ లింఫోసైట్ రియాక్షన్ (ఇద్దరు దాతల సెల్స్ కలిపి చూసే పరీక్ష) పెట్టండి. ఒక దాత మోనోసైట్లని జీఎం-సీఎస్ఎఫ్, ఐఎల్-4 అనే ప్రోటీన్లలో ఆరేడు రోజులు పెంచితే, టీ సెల్స్‌ని మేల్కొలిపే, పీడీ-ఎల్1 ఉన్న డెండ్రిటిక్ సెల్స్ అవుతాయి. వాటిని పదివేలు, వేరే దాత సీడీ4 టీ సెల్స్‌ని లక్ష, ఒక్కో వెల్‌లో కలిపి, మందు మి.లీ.కి 10 మైక్రోగ్రాములు వేసి, ఐదో రోజు పైద్రవంలో ఇంటర్‌ఫెరాన్ గామా కొలవండి. పక్కన ఐజీజీ4 ఐసోటైప్ కంట్రోల్ (అదే రకానిదై, పీడీ-1ని పట్టని యాంటీబాడీ) తప్పనిసరి, నివోలుమాబ్ ఐజీజీ4 గనక. ఒక్క జంట దాతలతో తేల్చేయొద్దు, జంటజంటకీ తేడా చాలా ఉంటుంది.

బ్రాడీపేట_22
చాలా థాంక్సండీ. మా సెంట్రిఫ్యూజ్‌కి కూలింగ్ లేదు. మే నెలలో ఎలా?

పటమట_ఫ్లో
అది కూడా పట్టించుకోవాల్సిందే. ఫైకాల్ వేడెక్కితే సాంద్రత తగ్గి, ఈసారి లింఫోసైట్లే కిందికి జారి మీ దిగుబడి పడిపోతుంది. ముందు బ్లడ్ లేకుండా నీళ్ల ట్యూబులు పెట్టి 30 నిమిషాలు తిప్పి, ఆపగానే థర్మామీటర్ ముంచి చూడండి. 25 దాటితే మిషన్ని ఏసీ గదిలోకి మార్చి, ఎండ ఎక్కకముందే రోజుకి ఒక్క రన్ మాత్రమే పెట్టుకోండి.